శాలేము దవాఖానలో రెండో డిస్కు

"కొమురెల్లి సంగతి నువ్వెవ్వలికీ చెప్పలేదంటవు. నువ్వు తప్ప ఇంకెవ్వలికీ తెల్వదని పోలీసులంటున్నరు. నేను ఎవల మాట నమ్మాలె బిడ్డా?"

సుగుణమణి గొంతులో కోపం లేదు. రాత్రంతా కరెంటు లేక విసనకర్రతో గడిపిన మనిషి గొంతు అది. నిన్న కరీంనగర్ కోర్టు వరండాలో మరో కేసు కోసం పొద్దంతా కూర్చుని వచ్చింది. ఆ కేసు కొట్టేశారు. యాభై దాటిన వయసులో, బొగ్గు కంపెనీ కంప్యూటర్ సెక్షన్‌లో ఉద్యోగం ముందుగానే వదులుకుని, కంప్యూటర్లలో జరిగే మోసాలను వెతికిపెట్టే పనిలోకి దిగినందుకు ఆమె తనను తానే తిట్టుకునే రోజులు ఎక్కువవుతున్నాయి. ఎవరు పిలిచినా అంతే. నిజం బయటపడగానే మొదట మొహం తిప్పుకునేది పిలిచినవాళ్లే.

ఎదురుగా కూర్చున్న ఎవాంజెలిన్ గోదావరిఖని శాలేము మిషన్ దవాఖానలో కౌన్సెలర్. హెచ్.ఐ.వి. ఉన్నవాళ్లకు ధైర్యం చెప్పి, మందులు మానకుండా చూడటం ఆమె పని. దవాఖానలోని ఆమె గది గుమ్మంలోనే ఒక మహిళా కానిస్టేబుల్ గోడకు ఆనుకుని నిలబడింది. సాయంత్రానికి ఎవాంజెలిన్‌ను కోర్టులో హాజరు పరచాలి.

కొమురెల్లి గని కార్మికుడు. రెండేళ్లుగా ఆమె దగ్గరే మందులు తీసుకుంటున్నాడు. భార్యకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. పోయిన గురువారం అతని సెల్‌కు ఎవరో ఫోన్ చేసి, అతని జబ్బు పేరూ వాడుతున్న మందుల పేర్లూ చదివి వినిపించారు. మర్నాడు అతను పురుగుల మందు తాగాడు. ఇదే దవాఖానలో ప్రాణం పోయింది.

"ఆయన పెండ్లాం నా రెక్క పట్టుకొని గుంజింది అక్కా, ఎందుకు చెప్పినవే అని. నేనేం జవాబు చెప్దును?" ఎవాంజెలిన్ కళ్లలో నీళ్లు ఎప్పుడో అయిపోయాయి. "ఆయన మొదటిసారి వచ్చిన రోజు కుర్చీల కూసుండనే లేదు. గోడ దిక్కు తిరిగి మాట్లాడిండు. గసొంటి మనిషి గుట్టు నేను బయట పెడ్తనా?"

"ఫోన్ చేసినోడు ఏం కావాలన్నడట?"

"అది పెండ్లానికి గూడ చెప్పలేదు. జబ్బు పేరు, మందుల పేర్లు చదివిన్రని మాత్రం అన్నడట. ఫోన్ పెట్టేసి వణుక్కుంట ఇంట్లకు పోయిండట. గంతే." ఆమె గుమ్మం వైపు చూసింది. "ఇంకోటున్నదక్కా. సీఐ సార్‌కు చెప్తే వినలే. మొన్న ఆదివారం పూలమ్మ అనే ఆమె గేటు కాడ నన్ను పట్టుకొని అందరి ముందర తిట్టింది. ఆమె బిడ్డ సంగతి నేనే బయట పెట్టిన్నట. ఆమెకు గూడ గసొంటి ఫోనే వచ్చిందట."

"ఆ పిల్ల నీ దగ్గరికి వచ్చిందా?"

"ఆ పిల్ల ఎవలో నాకెర్కలే. పోయినేడు ఆడోళ్ల వార్డుల చూపించుకున్నదట. ఆ వార్డు రోగులు నా కంప్యూటర్ల కనబడరు. ఎవల గదిల వాళ్ల రోగులే కనబడ్తరు."

సుగుణమణి కుర్చీలో నిటారుగా కూర్చుంది. పొద్దుటి నుంచి ఆమె నడుము నిలబెట్టింది అప్పుడే.

గుమ్మంలో బూట్ల చప్పుడైంది. సీఐ భూపాల్ లోపలికి వచ్చాడు. నలభై నిండని మనిషి, ఇస్త్రీ చెదరని యూనిఫాం. సుగుణమణితో అతనికి ఇది మూడో కేసు. మొదటి రెండింటిలోనూ అతను పట్టుకున్నవాళ్లను ఆమె విడిపించింది.

"అయిందా మేడం?"

"పూలమ్మ సంగతి మీకు తెలుసా సార్?"

"ఆమె ఫిర్యాదు ఇయ్యలేదు. ఫిర్యాదు లేని దానికి నేను కాగితం ఖరాబు చెయ్య."

"రెండు వార్డుల గుట్టు ఒక్క మనిషికి ఎట్ల తెలుస్తది?"

"నర్సులు నర్సులు మాట్లాడుకోరా? క్యాంటీన్‌ల చాయ తాగరా?" భూపాల్ చేతిగడియారం చూసుకున్నాడు. "మేడం, దవాఖాన పెద్దాయన మిమ్మల్ని పిలిపిచ్చిండు, నేను కాదనలే. ఈ పిల్ల కంప్యూటర్ చూడండి. పేర్లు అండ్లకెళ్లే బయటికి పోయినయని రాసియ్యండి. నాకు కోర్టుకు టైమైతంది."

"పోకపోతే?"

"పోయినయి మేడం. ఎటు తిరిగినా అక్కడికే వస్తరు మీరు."

ఆమె సంచి భుజాన వేసుకుని బయటకు నడిచింది.

ఓ.పి. కౌంటర్ ముందు జనం గోలగోలగా ఉన్నారు. తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక ముసలాయన కిటికీ ఊచలు పట్టుకుని అరుస్తున్నాడు. "ఒక్క చీటీకి గింతసేపా? లోపట అచ్చు పోస్తున్నరా ఏంది?" లోపల కూర్చున్న హర్షిణి అనే గుమస్తా పిల్ల అతని పేరు కొట్టి, మీట నొక్కి, తెర వైపు చూస్తూ ఊరుకుంది. తెర కదల్లేదు. చాలాసేపటికి చీటీ బయటికి వచ్చింది.

"ఎప్పట్నుంచి ఇట్ల?" సుగుణమణి కిటికీలోంచి అడిగింది.

"ఈస్టర్ మర్నాటి నుంచి మేడం. పండుగ ముందర శనివారం దాకా మంచిగనే ఉండె. సోమవారం పొద్దుగాల వచ్చి చూస్తే ఇట్లయింది. రెండు వారాలాయె, రోజూ తిట్లు తింటున్న."

"పాత రోగుల కాగితాలు తెరిస్తే?"

"అవి జల్దినే వస్తయి. కొత్తది రాసినప్పుడే ఆగుతది."

భూపాల్ వెనకాలే వచ్చి నిలబడ్డాడు. "మేడం, మిమ్మల్ని దొంగను పట్టుమంటే మీరు కంప్యూటర్ రిపేరు చేస్తున్నరు."

"రెండూ ఒక్కటేనేమో చూద్దాం సార్."

దవాఖాన వ్యవహారాలన్నీ చూసే అంద్రెయ, రోగుల కాగితాలన్నీ దాచే సర్వర్ కంప్యూటర్ గది తాళం తీశాడు. తెల్లజుట్టు, పలుచని మనిషి. చర్చి సంఘంలో పెద్ద. సుగుణమణి బెల్లంపల్లిలో చదువుకునే రోజుల నుంచీ అతన్ని అన్నా అనే పిలుస్తుంది. నాలుగు రోజుల కింద ఫోన్ చేసి, "నువ్వు రావాలె సుగుణా, ఇంకెవ్వలు వద్దు" అన్నది అతనే. ఈ రోజు మాత్రం అతను ఆమె కళ్లలోకి చూడటం లేదు. మనిషి చచ్చిపోయిన దవాఖాన, నిద్ర పట్టి ఉండదు అనుకుంది ఆమె.

గదిలో ఇంకొకడున్నాడు. యేసుబాబు. బజారులో కంప్యూటర్ దుకాణం నడుపుతూ, ఈ దవాఖాన యంత్రాల మరమ్మతులు చూసే మనిషి. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు.

"వందనాలు మేడం. ఇది పాతదైపోయింది. మూడుసార్లు వచ్చి చూసిన. కొత్తది తెప్పిస్తున్నం. ఎల్లుండి దీన్ని తీస్కపోత."

"తీస్కపోదువు తియ్యి తమ్మీ. ముందు నన్ను కూసోనియ్యి."

ఆమె సర్వర్ ముందు కూర్చుని అక్కడే ఒక ఉత్తుత్తి రోగి పేరు రాసి చూసింది. కౌంటర్‌లో ఎంతసేపు ఆగిందో ఇక్కడా అంతసేపే ఆగింది. అంటే మధ్యలో ఉన్న తీగల తప్పు కాదు. ప్రాసెసర్ చూసింది. అది దాదాపు ఖాళీగా కూర్చుని ఉంది. మెమరీ సగానికి పైగా మిగిలే ఉంది. పని చేయడానికి అన్నీ సిద్ధంగానే ఉన్నాయి. కానీ రాసిన ప్రతి అక్షరం డిస్కు గుమ్మం దగ్గర వరుసలో నిలబడి ఎదురుచూస్తోంది, బయట కౌంటర్ ముందు జనంలాగే.

"చదువుడు మంచిగనే ఉన్నది. రాసుడే ఆగుతంది," అంది తనలో తాను.

"డిస్కులు మంచిగున్నయి మేడం," యేసుబాబు తొందరగా అన్నాడు. "చూడుండ్రి, రెండిటికీ పచ్చలైటే."

ఆమె లైట్ల వైపు చూడలేదు. ముందు ఇంకొక పని చేసింది. కొమురెల్లి ఫైలు ఎవరెవరు తెరిచారో వెతికింది. ఎవాంజెలిన్ తెరిచింది, నెలకోసారి, మందులు ఇచ్చిన రోజున. చివరిసారి ఈస్టర్‌కు చాలా ముందు. తర్వాత పూలమ్మ కూతురి ఫైలు. పోయిన ఏడాది ఆ పిల్ల ఇంటికి వెళ్లిన రోజు నుంచి దాన్ని ఎవ్వరూ తెరవలేదు.

"సార్, ఇటు రండి."

భూపాల్ వచ్చి భుజం మీదుగా వంగి చూశాడు.

"ఎవాంజెలిన్ ఈ పిల్ల ఫైలు చూడలేదు. నర్సులు చూడలేదు. డాక్టర్లు చూడలేదు. పోయినేటి నుంచి మూసిపెట్టినట్టే ఉన్నది. కానీ అండ్ల ఉన్న మాట పోయిన వారం ఎవడో ఫోన్ల చెప్పిండు."

"చూసి, ఆ గుర్తు తుడిచేసి ఉంటరు."

"తుడవాలంటే ఇక్కడ కూసోని తుడవాలె. తుడిచిన గుర్తు గూడ ఉంటది. అదీ లేదు." ఆమె కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "వాడు ఈ కంప్యూటర్‌ల చూడలేదు సార్. వేరే తాన చూసిండు."

"వేరే తాన ఎట్ల ఉంటది? ఉన్నది ఇదొక్కటేనాయె."

ఆమె సర్వర్‌లో డిస్కుల వివరాలు చూపే పేజీ తెరిచింది. రెండు డిస్కులు. మొదటిది సర్వర్‌తో పాటు కంపెనీ నుంచి వచ్చిన గట్టి రకం. రెండోదాని పేరు దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. అది ఇళ్లలో, నెట్ సెంటర్లలో వాడే మామూలు కంప్యూటర్ డిస్కు. అదీ ఎప్పటిదో.

"యేసుబాబూ, మూడుసార్లు వచ్చినవు. ముందటి తలుపు తీసి చూసినవా?"

"పచ్చలైటు వెలుగుతుంటే ఎందుకు తీస్త మేడం?"

"నేను తీస్త."

"వద్దు మేడం! నడుస్తున్న మిషన్‌ల డిస్కు గుంజితే డేటా మొత్తం పోతది!"

అంద్రెయ ఉలిక్కిపడ్డాడు. భూపాల్ చేయి అడ్డం పెట్టాడు. "ఆగండి మేడం. ఇది కేసుల సాక్ష్యం. ఏమన్న అయితే నేను కోర్టుకు జవాబు చెప్పాలె."

"పొద్దుటి బ్యాకప్ ఉన్నది, ఇప్పుడే చూసిన. ఏం పోదు. తమ్ముడికి గూడ తెలుసు ఏం పోదని." ఆమె యేసుబాబు వైపు చూసింది. అతను చూపు దించుకున్నాడు. "సార్, మీరు అడ్డం నిలబడితే సాయంత్రానికి ఆ పిల్ల జైల్ల ఉంటది. తప్పు తేలినంక మీరు జవాబు చెప్పాల్సింది కోర్టుకు కాదు, ఆ పిల్లకు."

భూపాల్ ఒక అడుగు వెనక్కి వేసి, చేయి తీశాడు.

ఆమె తలుపు తీసి రెండో డిస్కు పిడి పట్టుకుని బయటికి లాగింది. సర్వర్ కీచుమని అరవడం మొదలుపెట్టింది. కౌంటర్ దగ్గర గోల కూడా ఒక్కసారిగా ఆగింది. అంతలో హర్షిణి గొంతు వినబడింది.

"మేడం! ఏం చేసిన్రు? చీటీ టక్కున వచ్చింది! ఇంకోటి గూడ వచ్చింది!"

భూపాల్ కౌంటర్ వైపూ ఆమె చేతిలోని డిస్కు వైపూ మార్చి మార్చి చూశాడు. "తీసేస్తే మంచిగైతదా?"

"ఈ రెండు డిస్కులు జంట సార్. ఒక దాంట్ల రాసిందే రెండో దాంట్ల గూడ రాస్తది. ఒకటి చెడిపోయినా దవాఖాన ఆగొద్దని ఇట్ల పెడ్తరు. రెండిట్ల రాసుడు అయినంకనే పని అయినట్టు లెక్క. ఒకటి ఉరికేది, ఇంకోటి కుంటేది అయితే, ఉరికేది గూడ కుంటేదాని కోసం ఆగాలె. రెండు వారాలుగ జనం తిట్లు తింటున్నది ఈ ముసలి డిస్కు వల్ల." ఆమె దాన్ని బల్ల మీద పెట్టింది. "ఇప్పుడు ఇది లేదు. అయినా దవాఖాన నడుస్తంది. ఎందుకు? మిగిలిన ఒక్క డిస్కులనే అన్నీ ఉన్నయి. ప్రతి రోగి, ప్రతి జబ్బు."

భూపాల్ బల్ల మీది డిస్కు వైపు వంగాడు.

"మరి దీని జాగల ముందుగాల ఉన్న అసలు డిస్కుల గూడ అన్నీ ఉండాలె కదా," ఆమె మెల్లగా అంది. "అది ఏడున్నది యేసుబాబూ?"

యేసుబాబు గోడ పట్టుకున్నాడు. నుదుటి మీది చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేదు.

"నాకేం తెల్వదు మేడం. అది ఖరాబైందన్నరు. మార్చుమన్నరు. ఈస్టర్ ఆదివారం నాడు సర్వర్ డిస్కు నాకు ఏడ దొరుకుతది? దుకాణంల పాత పీసీకెళ్లి ఇది తీసి పెట్టిన, తర్వాత మంచిది పెడ్దామని. నెమ్మదైందని ఫోన్లు రాంగనే భయమయింది. పెద్దసార్‌ను అడిగితే కొత్త సర్వర్ తెప్పిద్దాం, ఊకో అన్నడు."

"తీసిన డిస్కు ఎవలకిచ్చినవు?"

అతని కళ్లు గుమ్మం దగ్గర నిలబడ్డ అంద్రెయ వైపు తిరిగాయి.

సుగుణమణి వెంటనే అటు తిరగలేదు. చేయి చాచి సర్వర్ అరుపు ఆపింది. బెల్లంపల్లిలో ఫీజు కట్టలేని ఏడాది తనను కాలేజీలో నిలబెట్టిన మనిషి. ఈ ఒక్క ప్రశ్న ఇంకెవరైనా అడిగితే బాగుండుననిపించింది. కానీ భూపాల్ అడిగితే అది వేరే ప్రశ్న అవుతుంది.

"అన్నా," అంది చివరికి. "నన్ను ఎందుకు పిలిచినవు?"

అంద్రెయ అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాడు.

"నోటితోని చెప్పలేక పిలిచిన సుగుణా. నువ్వైతే కనుక్కుంటవని పిలిచిన. ఎవాంజెలిన్ మీద నింద పడ్డ నాటి నుంచి అన్నం పోతలేదు."

"ఎవలకిచ్చినవు?"

"బొగ్గుబాయిల మట్టి తీసే కాంట్రాక్టర్ దగ్గరి మేనేజర్ వచ్చిండు. మన దగ్గర డయాలిసిస్ వార్డు కట్టిస్తమన్నరు. కిడ్నీలు పోయినోళ్లు వారానికి రెండుసార్లు బస్సుల నిలబడి కరీంనగర్ పోతున్నరు. మొన్న ఒకడు సుల్తానాబాద్ దాటినంక బస్సులనే పోయిండు. నాకు గదే మనసుల ఉండె. నాలుగు పేర్లు చెప్పి, వీళ్లయి, వీళ్ల ఇంటోళ్లయి కాగితాలు చూపియ్యమన్నరు. నేను చూడనన్న. రోగి కాగితం నా కండ్లతోని చూసి ఇంకొకనికి చెప్పనన్న." అతను మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. "చూడకుంట, చదవకుంట డిస్కు ఇచ్చేస్తే నేను చెప్పినట్టు కాదనుకున్న. ఎంత పిచ్చోన్ని. నాలుగు పేర్లు చూపియ్యనని, ఊరందరి కాగితాలు చేతుల పెట్టిన."

భూపాల్ ఒక అడుగు ముందుకు వేశాడు. "ఏ నాలుగు పేర్లు?"

"కొమురెల్లి. పూలమ్మ. సదయ్య. సారవ్వ."

సీఐ మొహంలో రంగు మారడం సుగుణమణి చూసింది.

"ఏంది సార్?"

"నా కేసే మేడం." అతని గొంతు తగ్గింది. "చలికాలంల ఓపెన్‌కాస్ట్ బొగ్గుబాయి రోడ్డు మీద టిప్పర్ కింద రాయమల్లు అనే కూలి చచ్చిపోయిండు. తాగి రోడ్డు మీద పడుకున్నడని కాంట్రాక్టర్ అంటడు. బ్రేకులు లేని బండి అని డ్రైవర్ నెత్తి నోరు కొట్టుకున్నా, మేనేజర్ బెదిరిచ్చి బండిని వెనకకు నడిపిచ్చిండని ఈ నలుగురు చెప్పిన్రు. నలుగురూ కండ్లార చూసినోళ్లు. సోమవారం కోర్టుల వీళ్ల సాక్ష్యం ఉన్నది." అతను టోపీ తీశాడు. "మొన్న సదయ్య స్టేషన్‌కు వచ్చి, నేనేం చూడలేదు సార్, నా పేరు తీసెయ్యండి అన్నడు. పైసలు తిన్నడనుకొని ఒక్కటి పీకి పంపిన."

"సదయ్య రెండేండ్ల కింద మనసు బాగలేక తలకాయ డాక్టర్‌కు చూపించుకున్నడు," అంద్రెయ తల ఎత్తకుండానే అన్నాడు. "బిడ్డ పెండ్లి కుదిరింది ఇప్పుడు."

ముగ్గురి గుట్టూ తెలిసింది. ముగ్గురికీ ఫోన్లు వచ్చాయి. ఒకడు చచ్చిపోయాడు, ఒకడు మాట వెనక్కి తీసుకున్నాడు, ఒకామె ఎవరిని తిట్టాలో తెలియక ఎవాంజెలిన్‌ను తిట్టింది. భూపాల్ గుమ్మం దగ్గరకు వెళ్లి, కానిస్టేబుల్‌ను కేకేశాడు.

"ఆ పిల్లను ఇంటికి పంపు. కాదు, నువ్వే దిగబెట్టి రా." తిరిగి వచ్చి సుగుణమణి వైపు చూడకుండానే అన్నాడు, "మీరు మళ్ల గెలిచిన్రు మేడం."

"గెలిచిందేం లేదు సార్. కొమురెల్లి పోయిండు." ఆమె అంద్రెయ వైపు తిరిగింది. "అన్నా, సారవ్వకు ఫోన్ వచ్చిందా?"

"రాలే."

"నీకెట్ల ఎరుక?"

"పొద్దున మేనేజర్ నాకే ఫోన్ చేసిండు. మూడు పేర్లే దొరికినయి, నాలుగోది లేదేందని గరమైండు. సారవ్వ రోడ్డు మీద చాయ హోటల్ నడుపుకునే ముసలామె. ఎన్నడు దవాఖాన మెట్లెక్కలే, ఇక ఆమె కాగితం ఏడికెళ్లి వస్తదని చెప్పిన."

"చెప్తే ఏమన్నడు?"

అంద్రెయ తల ఎత్తాడు. ఆ మాటకు అర్థం అతనికీ ఇప్పుడే తెలుస్తున్నట్టుంది.

"అయితే ఆమెతోని మాట్లాడే పని లేదు తియ్యి అన్నడు."

సుగుణమణి లేచి నిలబడింది.

"సార్, మిగిలిన ముగ్గురిని బెదిరియ్యడానికి వాళ్లకు ఏదో ఒకటి దొరికింది. సారవ్వకు దాచుకునేటందుకు ఏం లేదు. బెదిరియ్యరానోళ్లను ఏం చేస్తరు?"

భూపాల్ అప్పటికే సెల్ చెవికి పెట్టుకున్నాడు. ఓపెన్‌కాస్ట్ రోడ్డు బీట్ కానిస్టేబుల్ అటువైపు ఎత్తాడు. సారవ్వ హోటల్ దగ్గరే ఉన్నావా అని భూపాల్ అరిచాడు. ఉన్నానన్నాడు. ఆమెను కదలనివ్వకు, నేను వస్తున్నా అన్నాడు. అవతల మనిషి ఏదో చెబుతుంటే భూపాల్ నడక ఆగిపోయింది. సెల్ స్పీకర్ మీట నొక్కి, సుగుణమణికి వినబడేలా ముందుకు చాచాడు.

"...హోటల్ తెరిచే ఉన్నది సార్. పొయ్యి మీద చాయ పొంగి మంట ఆరిపోతంది. అవ్వ చెప్పులు గుమ్మంల ఉన్నయి. మనిషి లేదు. ఇప్పుడే టిప్పర్ ఒకటి ఇక్కడ ఆగి, క్వారీ దిక్కు పోయింది సార్."